బావ ఏమన్నాడు

ఆటోనగర్‌లో పోలిరాజు మేస్త్రి గొంతు ఎరగనివాళ్లు లేరు. షెడ్డులో గ్రైండర్లన్నీ ఒక్కసారి అందుకున్నా, సుత్తుల మోత పైకప్పు రేకుల్ని తన్ని కింద పడుతున్నా, వాటన్నిటి మీంచి ఆయన కేక అవతలి గోడ దాకా వెళ్లేది. ఆయన కేకేస్తే పని ఆగేది, తలూపితే సాగేది. చోడవరం అవతల మెట్టపొలాన్ని నమ్ముకున్న ఇంట్లో పుట్టి, మీసాలు రాకముందే గాజువాక చేరి, గ్యాస్ సిలిండర్లు దొర్లించే పనితో మొదలెట్టాడు. చివరికి స్టీలుప్లాంటుకి వెళ్లే పెద్ద పెద్ద గొట్టాలూ ట్యాంకులూ తన చేతి మీద తయారు చేయించే స్థితికి వచ్చాడు. పెందుర్తిలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. చెల్లెలు ధనలక్ష్మిని తనతోపాటు అదే షెడ్డులో పనిచేసే ఎల్లాజీకిచ్చి పెళ్లి చేశాడు. భీమిలి పక్క కుర్రాడు, నెమ్మదస్తుడు, చేతిలో పనుంది, ఇంతకుమించి ఏం చూడాలి అనుకున్నాడు.

మేస్త్రి గొప్పంతా ఆయన చెవిలో ఉండేది. అతుకు వేసిన చోట చిన్న సుత్తితో తట్టి, తల ఓ పక్కకి వంచి వినేవాడు. "లోపల బోలుంది, ఇప్పీ" అనేవాడు. విప్పి చూస్తే ఉండేది. అన్నిసార్లూ ఉండేదని కాదు. ఉన్నసార్లు మాత్రం అందరూ చెప్పుకున్నారు. ఆ పేరు మీదే ఆయన మేస్త్రి అయ్యాడు. ఆ పేరే తానని నమ్మాడు.

ఆ చెవులే ముందు పోయాయి.

ఒక్కరోజున పోలేదు. వయసులో ఉన్నప్పుడు ఖాళీ ట్యాంకులోకి దిగి లోపలి రేకు కొట్టి బయటికొస్తే పొద్దుగూకేదాకా చెవుల్లో కీచురాళ్లు అరిచేవి. చెవుల్లో దూది పెట్టుకున్నవాణ్ణి చూసి "కొత్త పెళ్లికూతురొచ్చింది" అని నవ్వేవాళ్లు. ఆ నవ్వేవాళ్లలో ముందుండేది పోలిరాజే. యాభై దాటేసరికి ఇంట్లో కుక్కరు కూత వినబడడం మానేసింది. తర్వాత ఫోను మోగడం. తర్వాత ఆడవాళ్ల గొంతులు.

అయినా చెవులు పోతున్నాయని ఆయనకి తోచలేదు. మనుషులే మారిపోయారని తోచింది.

"ఈ మద్దిన అందరూ నోట్లో నోట్లోనే మాటాడతన్నారేటి? కూడు తినట్లేదేటి?" అనేవాడు భార్య జోగమ్మతో.

ఆమె గొంతు పెంచితే, "ఏల అలగరుస్తావు? నాను సెవిటోణ్ణా?" అనేవాడు. తగ్గిస్తే, "ఆ గొణుగుడేటి?" అనేవాడు. ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో పాలుపోక జోగమ్మ అసలు మాటలే తగ్గించేసుకుంది. ఇంట్లో మాట తగ్గేసరికి, తనని లెక్కచేయడం మానేశారని ఆయనకి ఇంకో బాధ పట్టుకుంది.

షెడ్డులో ఇద్దరు నిలబడి నవ్వుకుంటే అది తన మీదే. ఎవడైనా తల తిప్పుకుని మాట్లాడితే అది తనకి తెలియకూడని మాటే. ఓసారి నాగబాబనే గ్రైండరు కుర్రాడు బయటున్న వాడితో, "మేస్త్రిగారికి టీ సెప్పు" అని కేకేశాడు. పోలిరాజు చెవిలో అది "మేస్త్రిగారు సెవిటి" అని పడింది. అందరూ చూస్తుండగా వెళ్లి వాడి చెంప పగలగొట్టి, "రేపటి నుండి గేటు దాటి లోపలికి రాకు" అన్నాడు. వాడు ఏడుపుమొహంతో "నానేటన్నాను మేస్త్రిగారూ" అంటున్నాడు. టీ పట్టుకొచ్చిన మనిషి గ్లాసు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. నాగబాబు మళ్లీ రాలేదు. పోలిరాజు ఆ టీ తాగలేదు.

ఆ వేళ నుంచి ఎల్లాజీ ఒక పని పెట్టుకున్నాడు. ఎవరూ చెప్పింది కాదు, ఎవరికీ చెప్పిందీ కాదు. షెడ్డు యజమాని కృష్ణంరాజు వచ్చి ఏదైనా పని పురమాయించి వెళ్లగానే, ఎల్లాజీ చేతిలో ఉన్నది వదిలేసి బావకి ఎదురుగా వచ్చి నిలబడేవాడు. మొహం వెలుతురులోకి పెట్టి, నెమ్మదిగా అడిగేవాడు.

"బావా, శనివారంకి రెండు గొట్టాలూ పంపీమంటన్నారు రాజుగారు. అవుద్దంటావేటి?"

"ఎందుకవదు? నాను ఇన్లేదేటి ఆయన సెప్పింది?" అనేవాడు పోలిరాజు. శనివారమన్న సంగతి ఆయనకి అప్పుడే తెలిసేది.

ఇలా ఏళ్లు గడిచాయి. బయటి నుంచి ఫోనొస్తే ఎల్లాజీయే ఎత్తేవాడు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే భుజం మీద చెయ్యేసి అటు తిప్పేవాడు. "మా బావకి సెప్పిందే సెప్పడం ఓ జబ్బు" అని పోలిరాజు నలుగురిలో నవ్వేవాడు. ఎల్లాజీ కూడా నవ్వేవాడు. ధనలక్ష్మి ఒకసారి మొగుణ్ణి నిలదీసింది, "అన్నియ్యని డాక్టరుకి సూపించమని మొకం మీద సెప్పరాదేటి?" అని. "సెప్తే ఆ మనిసి బతకడే. ఆ షెడ్డులో మేస్త్రి కాకపోతే ఆయనింకేటీ కాడు. నాను ఉన్నాను గదా" అన్నాడు ఎల్లాజీ.

ప్రమాదం ఒక మధ్యాహ్నం జరిగింది. మనిషి నిలువెత్తుకి మించిన ఇనప గొట్టాన్ని క్రేనుతో లేపి, కింద చెక్క దిమ్మలు సర్ది వాటి మీద దింపాలి. క్రేను బటన్ల పెట్టె పోలిరాజు చేతిలో ఉంది. దిమ్మలు సర్దేది ఎల్లాజీ. మామూలుగా ఎల్లాజీ ఇవతలి పక్కనే ఉండేవాడు, బావకి తన మొహం కనబడేలా. ఆ వేళ ఇవతల జాగా లేక అవతలికి వెళ్లాల్సొచ్చింది. ఇద్దరి మధ్యా గొట్టం అడ్డం. వెళ్లేముందు ఒక్క క్షణం ఆగి, "బావా, మూలనొకణ్ణి నిలబెడదామా, సెయ్యూపడానికి?" అని అడిగాడు. పెదాల మీద ఆ మాట పోలిరాజుకి స్పష్టంగా తెలిసింది. తెలిసి కోపం వచ్చింది. అంటే ఏమిటి, నీ గొంతు నాకు వినపడదనా?

"ఎవడూ అక్కర్లేదు. నువ్వు సెప్పు, నాను దింపుతాను" అన్నాడు.

గొట్టం ఆగి ఆగి సగం దిగింది. అవతల ఒక దిమ్మ పక్కకి ఒరిగింది. దాన్ని సరిచేయడానికి ఎల్లాజీ కుడిచెయ్యి లోపల పెట్టి, "ఆపు!" అని అరిచాడు. పక్క షెడ్డువాళ్లు కూడా విన్న అరుపు అది. పోలిరాజు చెవికి అందులో మొదటి సగం అందలేదు. చివరి "పు" ఒక్కటే అందింది. ముందేముందో ఆయన మనసే వేసుకుంది. దింపుతున్న మనిషి, దింపు అన్న మాట కోసమే చూస్తున్న మనిషి. "దింపు" అని విన్నాడు. బటన్ నొక్కాడు.

రెండో అరుపు మాట కాదు. అది మాత్రం ఆయనకి వినబడింది.

పెద్దాసుపత్రిలో ఎల్లాజీ కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మిగిల్చారు. కొన్నాళ్లకి, కట్టు ఇంకా ఉండగానే, సంగతి కనుక్కోవడానికి ఒక లేబరు ఆఫీసరు షెడ్డుకి వచ్చాడు. తప్పు షెడ్డుదని తేలితే ఎల్లాజీకి నష్టపరిహారం రావాలి. ఎల్లాజీదని తేలితే ఏమీ లేదు. కృష్ణంరాజు గదిలో కుర్చీలు వేశారు. రోజూ "ఏం మేస్త్రీ" అని పిలిచే కృష్ణంరాజు ఆ వేళ పోలిరాజుకి ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చుని, ఒక్కో మాటా విడదీసి మాట్లాడాడు.

"మేస్త్రిగారూ, మీ చెవి సంగతి ఆటోనగర్ అంతా ఎరుగుదురు. ఇనుముని తట్టి లోపలేముందో చెప్పేస్తారు మీరు. ఆఫీసరుగారికి కూడా అదే చెప్పాను. ఆ వేళ ఎల్లాజీ ఏమన్నాడో మీకు సరిగ్గా వినపడిందా?"

"ఇనపడింది."

"ఏమన్నాడు?"

"దింపమన్నాడు."

అబద్ధమాడుతున్నానని పోలిరాజుకి లేదు. ఆయన విన్నది అదే. కావాలంటే సింహాచలం మెట్ల మీద నిలబడి ప్రమాణం చేసేవాడు.

ఎల్లాజీ తలెత్తాడు. "బావా, నాను ఆపమన్నాను."

"దింపమన్నావు."

"ఒకసారి ఆలోసించు బావా. ఆ మోతలో... నీకు..." అని ఎల్లాజీ ఆగాడు. మిగతాది బావే అనాలని ఆగాడు. అంతసేపూ పోలిరాజు మొహంలోకే చూస్తున్నాడు. 'మోతలో సరిగా ఇనపడలేదేమో' అని ఆయన ఒక్కమాటంటే చాలు. ఆ వాకిలి ఎల్లాజీ తీసి పట్టుకున్నాడు. పోలిరాజుకి అక్కడ వాకిలి కనపడలేదు. ఆఫీసరు ముందు, యజమాని ముందు చెల్లెలి మొగుడు తనని చెవిటివాణ్ణి చేస్తున్నట్టు కనపడింది.

"మోతేటి? నాకు మోతేటి కొత్తా? నాను సెవిటోణ్ణని సెప్తన్నావా ఆఫీసరుబాబుకి?"

ఎల్లాజీ కట్టున్న చేతికేసి చూసుకున్నాడు.

"లేదులే బావా. అలగనను" అన్నాడు.

అక్కడితో అయిపోయింది. ఎల్లాజీ అజాగ్రత్త అని రాసుకుని వెళ్లిపోయారు. కృష్ణంరాజు పోలిరాజు భుజం తట్టాడు. ఆ తట్టడం పోలిరాజుకి చాలాకాలం గుర్తుంది, మొదట్లో గర్వంగా.

ధనలక్ష్మి పెందుర్తి వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, "అన్నియ్యా, ఎందుకిలగ సేసినావు?" అంది.

"నాను అబద్దమాడలేదే. సెవులతో ఇన్నాను."

"సెవులతో ఇన్నావా?" అని ఆమె జోగమ్మకేసి చూసింది, జోగమ్మ నేలకేసి చూసింది. ధనలక్ష్మి ఇంకో మాట అనబోయి, ఎవరికో ఇచ్చిన మాట గుర్తొచ్చినట్టు పెదవి కొరుక్కుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆ నెలలోనే గాజువాకలో అద్దె ఇల్లు ఖాళీ చేసి వాళ్లు భీమిలి వెళ్లిపోయారు. రెండు ఇళ్ల మధ్యా రాకపోకలు ఆగాయి. పోలిరాజు కూతురు హేమశ్రీకి మేనత్తంటే ప్రాణం. ఆ పిల్ల కూడా తండ్రితో అవసరానికి మించి మాట్లాడడం మానేసింది. అది కూడా ఆయన 'లెక్కచేయకపోవడం' కిందే జమ కట్టుకున్నాడు.

ఎల్లాజీ లేని షెడ్డులో పోలిరాజుకి పని నడవలేదు. చెప్పిన కొలత ఒకటి, చేయించింది ఇంకొకటి. పిలిస్తే పలకడని ఒకరు, అడిగినదానికి వేరే జవాబు చెబుతాడని ఒకరు. కృష్ణంరాజు ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయనకి మర్యాదగా తోచింది.

ఏడాది దాటాక, ఒక పొద్దున్న పెందుర్తి జంక్షన్‌లో రోడ్డు దాటుతుంటే వెనక నుంచి బస్సు హారన్ కొడుతూనే ఉంది, ఆయన నడుస్తూనే ఉన్నాడు. వెనకొస్తున్న హేమశ్రీ చొక్కా పట్టుకుని లాగింది. బస్సు డ్రైవరు కిటికీలోంచి తిట్టిన తిట్లు ఆమెకి వినబడ్డాయి, ఆయనకి పెదాలు ఆడడం కనబడింది. ఆ పిల్ల తెలివైంది. "చెవులు చూపించుకుందాం" అనలేదు. "నాన్నా, సెవిలో గుబిలి పేరుకుపోయినట్టుంది. తీయించుకుందాం రా" అంది. గుబిలికైతే ఆయనకి అభ్యంతరం లేకపోయింది.

చెవుల డాక్టరు దగ్గర అద్దాల గదిలో కూర్చోబెట్టారు. ఒకమ్మాయి నోటికి అట్ట అడ్డం పెట్టుకుని మాటలంటుంటే ఆయన తిరిగి అనాలి. ఒక్కదానికీ తడుముకోకుండా అన్నాడు. బయటికొచ్చి బస్సెక్కాక కూతురితో, "సూసినావా? అన్నీ సెప్పీసినాను. ఊరికే బయపడిపోతారు మీరు" అన్నాడు. హేమశ్రీ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ అద్దం ఇవతల కూర్చుని ఆమె ఆ అమ్మాయి అన్నదీ విన్నది, తండ్రి తిరిగి అన్నదీ విన్నది. ఒకటికొకటి సంబంధం లేదు. తప్పు చెప్పడం కాదు ఆమెని భయపెట్టింది, ఆ తప్పుని ఆయన చెప్పిన ధీమా.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని పోలిరాజు వసారాలో కుర్చీలో కూర్చున్నాడు. హేమశ్రీ వెనక వచ్చి నిలబడి భుజం తట్టింది. చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది, "నాన్నా, ఎనక్కి తిరక్కు. నాను ఒక మాటంతాను. తిరిగి సెప్పు."

"మల్లా పరీచ్చా?" అని నవ్వాడాయన.

హేమశ్రీ రెండడుగులు వెనక్కి వేసి అరిచింది. "ఆపు!"

"దింపు" అన్నాడు పోలిరాజు, ఆలోచించకుండానే.

వంటింటి గుమ్మంలో జోగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆపు!"

"అదే గదే. దింపు. ఎన్నిసార్లు సెప్పిస్తావు?"

హేమశ్రీ ముందుకొచ్చి ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుంది. కళ్లలో నీళ్లున్నాయి కానీ మొహంలో జాలి లేదు. పెదాలు కనబడేలా, చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పింది. "ఆపు, నాన్నా. రెండుసార్లూ ఆపు అనే అన్నాను. మావయ్యా అదే అన్నాడు."

పోలిరాజు లేచి "అబద్దం" అన్నాడు. ఎవరి అబద్ధమో తెలియలేదు. చెప్పులేసుకుని రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. రైలు గేటు దాకా నడిచి, అక్కడ గట్టు మీద కూర్చున్నాడు. ఒక గూడ్సు వెళ్లింది. దాని అదురు పాదాల్లోంచి పైకొచ్చింది, చప్పుడు మాత్రం ఎక్కడో గోడ వెనక వెళ్తున్నట్టుంది. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందో ఆయనకి గుర్తురాలేదు.

భోజనాల దగ్గర జోగమ్మని అడిగాడు. "నీకు తెలుసా?"

"తెలదేటి?" అంది జోగమ్మ గట్టిగా. ఇన్నాళ్లూ దాచుకున్న గొంతంతా అందులో ఉంది. "ఈదందరికీ తెలుసు. కూరలమ్ముకునేదానికి తెలుసు."

"ఎల్లాజీకి?"

"అన్నియ్యకి తెలదా! మరి నీ ఎదరకొచ్చి నిలబడి ఒక్కోటీ మల్లా మల్లా సెప్పీవోడు ఏలనుకున్నావు? ఆయనకి మాటలెక్కువనా? ఆ ఆఫీసరు ముందు 'మా బావకి ఇనపడదండి' అని ఒక్క ముక్కంటే సాలు, ఆయన సెయ్యికి నాయం జరిగీది. నీ మేస్త్రీతనం పోతాదని అన్లేదు. నువ్వంతావని సూసినాడు. నువ్వు అన్లేదు."

పోలిరాజు కలిపిన ముద్ద అలాగే కంచంలో పెట్టేశాడు.

మర్నాడు షెడ్డుకి వెళ్లి, తిన్నగా కృష్ణంరాజు గదిలోకి వెళ్లి నిలబడ్డాడు. "బాబూ, ఆ వేళ నాను సెప్పింది తప్పు. ఎల్లాజీ ఆపమన్నాడు. నాకే ఇనపడలేదు. నా సెవులు పోయాయి. ఆ ఆఫీసరుగారికి మల్లా సెప్తాను" అన్నాడు. ఈ మాటలు అనడానికి దారంతా గుండె రాయి చేసుకున్నాడు. కృష్ణంరాజు ఆశ్చర్యపోతాడనుకున్నాడు. కోప్పడతాడనుకున్నాడు. రెండూ కాలేదు.

"కూర్చో మేస్త్రీ," అన్నాడాయన. "నీ చెవులు పోయాయని నాకెప్పుడో తెలుసు."

"తెలిస్తే ఆ వేళ నన్నేల అడిగారు బాబూ?"

"నువ్వేం చెబుతావో తెలుసు కనకే అడిగాను."

ఆ మాట మాత్రం పోలిరాజుకి ఒక్క అక్షరం పొల్లుపోకుండా అందింది. కృష్ణంరాజు కాగితాలు సర్దుకుంటూ మిగతాది చెప్పాడు. ముగిసిపోయిన సంగతి తిరగదోడితే ఎవరికీ లాభం లేదనీ, వినపడదని నోటితో ఒప్పుకున్న మనిషిని ఇంకా క్రేను దగ్గర నిలబెడితే రేపు తప్పు తన మీదికి వస్తుందనీ, అందుకని ఇంటి పట్టున ఉండమనీ. తల వంచుకుని చెప్పడంతో అందులో సగమే పోలిరాజుకి తెలిసింది. గేటు దగ్గర కొత్త కుర్రాడు ఆయన టిఫిన్ డబ్బా తెచ్చి చేతికిచ్చినప్పుడు మిగతా సగం తెలిసింది. ఆఫీసరుని వెతుక్కుంటూ ఆయన రెండు మూడు చోట్లకి తిరిగాడు కూడా. ఆ ఆఫీసరు వేరే ఊరికి మారిపోయాడన్నారు. రాతపూర్వకంగా ఇమ్మన్నారు. ఇచ్చాడు. ఏమైందో ఎవరూ చెప్పలేదు.

హేమశ్రీ చెవికి పెట్టుకునే మిషను కొనిపించింది. చెవి వెనక తగిలించుకునేది, చర్మం రంగుది. పెట్టుకున్న మొదటిరోజు ఫ్యాను తిరగడం, చీపురు నేలని గీకడం, తన లుంగీ తనకే రాసుకోవడం వినబడి పోలిరాజుకి పిచ్చెత్తినట్టయింది. మాటలు అంత తేటగా రాలేదు. అయినా ఎదురుగా కూర్చుని నిదానంగా చెబితే తెలిసేవి. నాలుగు రోజులు అలవాటు చేసుకుని, ఒక ఆదివారం భీమిలి బస్సెక్కాడు. దారంతా మిషను చెవినే ఉంది. భీమిలిలో దిగి, చెల్లెలి వీధి మలుపు తిరిగేముందు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎందుకు తీశావని ఎవరైనా అడిగితే ఆయన చెప్పలేడు. చెయ్యి దానంతటదే వెళ్లింది.

ధనలక్ష్మి ఇంటి ముందు ఇడ్లీల బండి పెట్టుకుంది. బల్ల మీద ఇద్దరు ముగ్గురు తింటున్నారు. ఎల్లాజీ ఓ పక్క కుళాయి కింద కంచాలు కడుగుతున్నాడు. మిగిలిన రెండు వేళ్లతో కంచం అంచు నొక్కిపెట్టి, ఎడంచేత్తో తోముతున్నాడు. అన్నగారిని చూసి ధనలక్ష్మి చట్నీ వేస్తున్న చెయ్యి ఆపింది, మళ్లీ వేసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

పోలిరాజు కుళాయి దాకా వెళ్లి ఎల్లాజీ వెనక నిలబడ్డాడు.

"బావా," అన్నాడు, "ఆ వేళ నువ్వు ఆపమన్నావు. నా సెవిలో దింపు అని పడింది. నా సెవులు పోయాయి బావా. ఆ మాట ఆ వేళ అన్లేకపోనాను. రాజుగారికి సెప్పీసినాను. ఆఫీసుకీ రాసిచ్చీసినాను. నన్ను పనిలోంచి తీసీసినారు. అందుకని సెప్పట్లేదు. ఊరికే సెప్తన్నాను."

ఆ గొంతు వీధంతా వినబడింది. తినేవాళ్లు తలెత్తి చూశారు. ఎల్లాజీ వెనక్కి తిరగలేదు. కాసేపు కంచం తోముతూనే ఉన్నాడు. తర్వాత అతని మెడ నరాలు కదిలాయి. మాట్లాడుతున్నాడు.

కుళాయి నీళ్లు కంచాల మీద పడుతున్నాయి. ఎల్లాజీ గొంతు మొదట్నుంచీ మెత్తనిది, పైగా మొహం అటుంది. పోలిరాజుకి ఒక్క ముక్క అందలేదు. అతను మాట్లాడుతూనే ఉన్నాడు. నాలుగు ముక్కల కంటే ఎక్కువ మాట్లాడని మనిషి, ఎన్నాళ్లో లోపల మాగిందంతా తీసి పెడుతున్నట్టు చెబుతున్నాడు. మధ్యలో ఒకసారి కుడిచెయ్యి పైకెత్తి, చూసుకుని, దింపేశాడు. ఒకసారి తల అడ్డంగా ఊపాడు. నవ్వాడో, వెక్కాడో, భుజాలు కదిలాయి.

పోలిరాజు చెయ్యి జేబులోకి వెళ్లింది. మిషను వేళ్లకి తగిలింది. బల్ల మీదివాళ్లు చూస్తున్నారు. చెల్లెలు చూస్తోంది. వీళ్లందరి ముందూ దాన్ని తీసి చెవికి తగిలించుకోవాలి. వేళ్లు దాన్ని పట్టుకుని అలాగే ఉండిపోయాయి. వినబడనప్పుడల్లా ఏళ్ల తరబడి ఏం చేస్తూ వచ్చాడో అదే చేశాడు. తలూపాడు. "ఊఁ" అన్నాడు. ఎల్లాజీ భుజాలు ఆగినప్పుడు ఇంకోసారి, కాస్త గట్టిగా, "ఊఁ" అన్నాడు.

ధనలక్ష్మి మొహం పాలిపోయింది.

అప్పుడు వెనక్కి తిరిగాడు ఎల్లాజీ. బావ మొహంలోకి చూశాడు, ఆ ఆఫీసరు ముందు చూసినట్టే. ఆ మొహంలో ఏముందో అతనికి తెలియంది కాదు. ఏళ్లపాటు చదివిన మొహమే. కుళాయి కట్టేశాడు. కడిగిన కంచాలు ఎడంచేతి మీద పేర్చుకుని ఇంట్లోకి వెళ్లిపోయాడు.

పోలిరాజు గబగబా మిషను తీసి చెవికి పెట్టుకున్నాడు. బండి మీద స్టవ్వు గుర్రుమంది. ఎవరిదో చెంచా గంటలా మోగింది. కుళాయి చివర చుక్కలు పడుతున్నాయి.

"ధనా, బావ ఏటన్నాడే?"

ధనలక్ష్మి ఆయన చెవికేసి చూసింది. "ఊఁ అన్నావు గదా," అంది. "ఊఁ అనీసి నన్నడుగుతావేటి?"

ఆయన బల్ల మీద కూర్చున్నాడు. ఆమె కంచంలో ఇడ్లీలు పెట్టి ముందుంచింది, వచ్చినవాళ్లకి పెట్టినట్టే. ఎల్లాజీ మళ్లీ బయటికి రాలేదు. మధ్యాహ్నం బస్సుకి పోలిరాజు పెందుర్తి తిరిగొచ్చేశాడు.

ఆ తర్వాత చాలా రోజులు ఆయన జోగమ్మ వెంటపడ్డాడు, ఫోను చేసి కనుక్కోమని. ఒక సాయంత్రం ఆమె చేసింది. పోలిరాజు పక్కనే, చెవికి మిషను పెట్టుకుని, భార్య మొహం కనబడేలా కూర్చున్నాడు. జోగమ్మ అడిగింది. అటు నుంచి ధనలక్ష్మి చాలాసేపు చెప్పింది. వింటున్నకొద్దీ జోగమ్మ చూపు పక్కకి జరిగిపోయింది. "అలగా", "అయ్యో" అని రెండు మూడుసార్లంది. ఫోను పెట్టేసి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏటందే?" అన్నాడు పోలిరాజు.

జోగమ్మ లేచి వంటింటివైపు రెండడుగులు వేసి, ఆగి, ఆయన వైపు తిరిగింది.

"అక్కడ వానలు పడతన్నాయంట" అంది.

ఆ మాట ఆయనకి స్పష్టంగా వినబడింది.